పాత ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం ఎలా? మన ఎండలకు నిలబడేలా

“అన్నా, మా దగ్గర పాత ఐ5-2500కే ఉంది. ఓవర్‌క్లాక్ చేస్తే కాలిపోతుందా?” నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోవాళ్లున్నారు, సెకండ్ హ్యాండ్‌లో కంప్యూటర్ కొనుక్కున్న విద్యార్థులున్నారు.

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. పద్ధతిగా చేస్తే కాలిపోదు. కానీ ఇంటర్నెట్‌లో దొరికే గైడ్‌లు ఎక్కువగా చల్లటి దేశాలవాళ్లు రాసినవి. గదిలో 20 డిగ్రీలే ఉంటుందనుకొని అంకెలు చెబుతారు. మనకు మే నెలలో బయట 44, 45 డిగ్రీలు. రేకుల ఇంట్లో, డాబా మీది గదిలో మధ్యాహ్నం 40 దాటడం మామూలే. జనవరిలో చక్కగా నడిచిన సెట్టింగు మే నెలలో బ్లూ స్క్రీన్ ఇచ్చేది ఇందుకే. కాబట్టి ఇక్కడ చెప్పే అంకెలన్నీ మే నెలను లెక్కలోకి తీసుకొని చెబుతున్నవి.

లాభం ఎంతో ముందే తెలుసుకోండి. ఐ5-2500కే అనే ఇంటెల్ ప్రాసెసర్ నాలుగు కోర్లూ పనిచేస్తున్నప్పుడు 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. దాన్ని 4.2కు తీసుకెళ్తే, ప్రాసెసర్ మీద జరిగే గంట రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) దాదాపు 49 నిమిషాల్లో అయిపోతుంది. రోజూ నాలుగైదు రెండర్లు చేసేవాళ్లకు అది బాగా పనికొచ్చే తేడా. ఫోల్డర్లు తెరుచుకోవడం, విండోస్ ఆన్ కావడం ఆలస్యమవుతోందనేదే మీ బాధ అయితే దానికి మందు ఓవర్‌క్లాకింగ్ కాదు, ఎస్‌ఎస్‌డీ.

మీ ప్రాసెసర్ పెరిగేదేనా?

అడిగినవాళ్లలో సగానికి పైగా ఇక్కడే ఆగిపోతారు. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ‘సీపీయూ’ ట్యాబ్‌లో ప్రాసెసర్ పేరు, ‘మెయిన్‌బోర్డ్’ ట్యాబ్‌లో బోర్డు మోడల్, చిప్‌సెట్ కనిపిస్తాయి.

ఇంటెల్ అయితే పేరు చివర ‘కే’ అక్షరం ఉండాలి: 2500కే, 2600కే, 3570కే, 4670కే లాంటివి. అదొక్కటే చాలదు, బోర్డు కూడా ఒప్పుకోవాలి. 2500కేకు పీ67, జెడ్68 లేదా జెడ్77, 3570కేకు జెడ్77, 4670కేకు జెడ్87 లేదా జెడ్97 లాంటి చిప్‌సెట్ ఉన్న బోర్డు కావాలి. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా తిరిగేవి హెచ్61 బోర్డులు. వాటిలో ‘కే’ ప్రాసెసర్ పెట్టినా మల్టిప్లయర్ (బేస్ వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) పెరగదు. “ఓవర్‌క్లాకింగ్ ప్రాసెసర్” అని అమ్మేవాళ్లు బోర్డు సంగతి చెప్పరు. కొనేముందు మీరే అడగండి.

పీ67, జెడ్68 బోర్డు ఉండి ప్రాసెసర్ ఐ5-2400 లాంటి ‘కే’ లేనిదైతే, మామూలు టర్బో (పని పడ్డప్పుడు ప్రాసెసర్ తానే ఎక్కే వేగం) కంటే మల్టిప్లయర్ నాలుగు మెట్ల వరకు పెంచుకునే వీలుంటుంది. ఐ3లకు అదీ లేదు.

ఏఎండీలో ఎఫ్‌ఎక్స్ సిరీస్ ప్రాసెసర్లన్నీ, రైజెన్ డెస్క్‌టాప్ మొదటి తరంవన్నీ మల్టిప్లయర్ పెంచుకునేలా తెరిచే ఉంటాయి. కాకపోతే రైజెన్‌కు బీ350, ఎక్స్370 లాంటి బోర్డు ఉండాలి. ఏ320 మీద కుదరదు.

ల్యాప్‌టాప్ వద్దు. అంత చిన్న హీట్‌సింక్, అంత సన్నని ఫ్యాన్ మన ఎండకే కష్టపడుతుంటాయి.

మీది కుదరని రకమని తేలితే దిగులు పడకండి. లోపల దుమ్ము దులపండి, ప్రాసెసర్ పేస్ట్ మార్చండి, ఎస్‌ఎస్‌డీ వేయండి. ర్యామ్ ఒకే స్టిక్కుగా ఉంటే అలాంటిదే ఇంకోటి జత చేయండి. హెచ్61 బోర్డు మీద ఐ3 వాడుతుంటే సెకండ్ హ్యాండ్ ఐ7-2600 లేదా ఐ7-3770 పెట్టుకోవచ్చు. ఆ ప్రాసెసర్‌కు ఏ బయోస్ (ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) వెర్షన్ కావాలో బోర్డు కంపెనీ సైట్‌లోని సపోర్ట్ లిస్టులో ఉంటుంది. ఓవర్‌క్లాకింగ్ కంటే దీనివల్లే ఎక్కువ లాభం రావచ్చు.

కావలసినవి

- టవర్ కూలర్, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌తో. ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న కూలర్‌తో మన ప్రాంతంలో ఓవర్‌క్లాక్ చేయొద్దు. ఈ ఒక్క విషయంలో నేను పట్టు విడవను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనేచోటుకు వెళ్తే పాత సాకెట్‌లకు సరిపోయేవి దొరుకుతాయి. సాకెట్ నంబర్ రాసుకొని వెళ్లండి (2500కే, 3570కేలకు 1155). మీ క్యాబినెట్ వెడల్పు కూడా కొలుచుకోండి. టవర్ కూలర్ ఎత్తుకు సైడ్ డోర్ మూసుకోకపోవడం చాలామందికి ఎదురయ్యేదే.
- మంచి థర్మల్ పేస్ట్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవం. మొబైల్ రిపేర్ షాపులవాళ్లు బోర్డులు తుడవడానికి వాడేది ఈ ఐపీఏనే, వాళ్లను అడిగితే చెప్తారు.
- నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె). క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉన్నా నమ్మకండి. 80 ప్లస్ గుర్తు ఉన్న పేరున్న కంపెనీది ఉండాలి.
- పనిచేసే బ్యాటరీ ఉన్న యూపీఎస్. 600 వీఏ అని రాసినవి చాలావరకు 360 వాట్లకే. గ్రాఫిక్స్ కార్డు, మానిటర్, ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ కలిస్తే కరెంటు పోయిన క్షణంలో అది ట్రిప్ కావొచ్చు.
- సాఫ్ట్‌వేర్లు: సీపీయూ-జెడ్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వోల్టేజ్ చూపేది), ప్రైమ్95 (ప్రాసెసర్‌ను పూర్తిగా శ్రమపెట్టి పరీక్షించేది), సినీబెంచ్ (వేగానికి స్కోరు ఇచ్చేది). అన్నీ ఉచితమే. వాటి అసలు సైట్‌ల నుంచే దించుకోండి.
- గదికి ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్. ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే కుదరదా అంటే కుదురుతుంది, కానీ బయోస్ స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడు కాగితమే సులువు.

ఇవన్నీ సమకూరాక, మొదలుపెట్టే ముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఓవర్‌క్లాక్ కుదరనప్పుడు ప్రాసెసర్ పోవడం అరుదు, ఫైళ్లు పాడవడం మాత్రం జరుగుతుంది. స్టూడియోవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నా: ఒకరి పెళ్లి ఫుటేజ్ మళ్లీ తీయలేం. పరీక్షలన్నీ అయ్యేదాకా కస్టమర్ పని ఆ మెషీన్ మీద పెట్టకండి.

1. ఇప్పటి పరిస్థితి రాసుకోండి

ఏమీ మార్చకముందు సినీబెంచ్ నడిపి స్కోరు రాసుకోండి. తర్వాత ప్రైమ్95లో ‘స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీస్’ ఎంచుకొని 15 నిమిషాలు నడపండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కోర్ల గరిష్ట వేడి, వీకోర్ అనే వోల్టేజ్ చూసి రాయండి. ఆ సమయంలో గదిలో ఎన్ని డిగ్రీలుందో కూడా రాయాలి. గది వేడి రాయకపోతే మిగతా అంకెలకు అర్థం లేదు.

మామూలు వేగంలోనే 80 దాటుతోందా? అయితే ఓవర్‌క్లాక్ సంగతి తర్వాత, ముందు రెండో మెట్టు.

2. శుభ్రం చేసి, కూలర్ బిగించండి

కంప్యూటర్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కితే మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను ఆరుబయట పెట్టి బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఉండేవాళ్లకు హీట్‌సింక్ రెక్కల మధ్య తవుడు దుమ్ము అట్టకట్టి ఉంటుంది. అది ఊదితే పోదు, మెత్తటి బ్రష్‌తో గీకాలి. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా అందులో ప్రమాదకరమైన వోల్టేజ్ మిగిలి ఉంటుంది.

పాత పేస్ట్‌ను ఐపీఏ, నూలు గుడ్డతో పూర్తిగా తుడవండి. కొత్త పేస్ట్ కందిగింజంత మధ్యలో పెట్టి కూలర్‌ను నిటారుగా దించి నొక్కండి, అదే పరుచుకుంటుంది. చాలామంది ట్యూబు సగం పిండేస్తారు. పొర మందమైతే వేడి తగ్గకపోగా పెరుగుతుంది. కూలర్ అడుగున అంటించి ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొర తీయడం మరవకండి.

ఏఎండీ ఎఫ్‌ఎక్స్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. పాత పేస్ట్ గట్టిపడి ఉంటే కూలర్ లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. విప్పేముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు పనిచేయించి వేడెక్కనివ్వండి. ఆఫ్ చేశాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేసి తీయండి.

బిగించాక మళ్లీ ఒకటో మెట్టులోని పరీక్షే చేయండి. ఈసారి వచ్చిన అంకెలే మీ అసలు మొదలు.

3. బయోస్‌లోకి వెళ్లి డిఫాల్ట్ పెట్టండి

ఆన్ చేయగానే డిలీట్ కీ (కొన్నిటిలో ఎఫ్2) కొడుతూ ఉండండి. ఇంతకుముందు ఎవరో మార్చిన సెట్టింగులు ఉండొచ్చు కాబట్టి ‘లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్’ కొట్టండి. అంతకన్నా ముందు ఒక పని: ‘సాటా మోడ్’ (డిస్క్‌తో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సెట్టింగు) ఏహెచ్‌సీఐలో ఉందో ఐడీఈలో ఉందో చూసి రాసుకోండి. డిఫాల్ట్ కొట్టగానే అది మారిపోతే విండోస్ బూట్ కాదు. హార్డ్ డిస్క్ పోయిందనుకొని షాపుకు పరిగెత్తేవాళ్లున్నారు. సాటా మోడ్ పాతదే పెడితే సరిపోతుంది.

ఓవర్‌క్లాక్ సెట్టింగులు ఏసస్ బోర్డులో ‘ఏఐ ట్వీకర్’, గిగాబైట్‌లో ‘ఎం.ఐ.టి.’, ఏఎస్‌రాక్‌లో ‘ఓసీ ట్వీకర్’ అనే పేజీలో ఉంటాయి.

4. అంకెలు మార్చండి

ఇది ఐ5-2500కే కోసం. మిగతావాటి సంగతి చివర్లో ఉంది.

బేస్ క్లాక్ 100 దగ్గరే ఉంచండి. ఈ తరం ఇంటెల్‌లో అది పెంచితే ప్రాసెసర్‌తో పాటు సాటా, యూఎస్‌బీ, గ్రాఫిక్స్ కార్డు స్లాట్ వేగాలూ మారతాయి, డిస్క్ మీది డేటాకు ప్రమాదం. మనం పెంచేది మల్టిప్లయర్ ఒక్కటే. వేగమంటే 100ను మల్టిప్లయర్‌తో గుణించడమే: 40 పెడితే 4.0 గిగాహెర్ట్జ్, 42 పెడితే 4.2.

మొదట ఇలా పెట్టండి: మల్టిప్లయర్ అన్ని కోర్లకూ 40. వోల్టేజ్ ‘మాన్యువల్’లో 1.25. ర్యామ్ 1333, 1.5 వోల్ట్‌లు. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని కంపెనీ చెప్పిన ఎక్కువ వేగంలో నడిపే సెట్టింగు) ఆఫ్. ప్రాసెసర్ పని లేనప్పుడు వేగం తగ్గించే స్పీడ్‌స్టెప్, సీ1ఈలను ఆన్‌లోనే ఉంచండి. ‘ఇంటర్నల్ పీఎల్‌ఎల్ ఓవర్‌వోల్టేజ్’ ఆఫ్‌లో ఉండాలి. మనం వెళ్లే వేగాలకు దాని అవసరం లేదు, ఆన్ చేస్తే స్లీప్ నుంచి లేవని సమస్య వస్తుంది. మిగతా వోల్టేజ్‌ల జోలికి పోవద్దు.

వోల్టేజ్‌ను ‘ఆటో’లో వదలకండి. మల్టిప్లయర్ పెంచేకొద్దీ బోర్డు తనంతట తాను అవసరానికి మించి వోల్టేజ్ ఎక్కిస్తుంది, వేడి పెరిగేది అక్కడే. వేగం పెరిగితే వేడి అదే పాళ్లలో పెరుగుతుంది, వోల్టేజ్ పెరిగితే మాత్రం దాని వర్గం పాళ్లలో పెరుగుతుంది. 1.2 వోల్ట్‌ల దగ్గర 3.4లో నడిచే ప్రాసెసర్‌ను 1.28 దగ్గర 4.2కు తీసుకెళ్తే వేగం 23 శాతం, వేడి 40 శాతం పెరుగుతాయి. అదే 1.4 వోల్ట్‌లతో 4.6కు తీసుకెళ్తే వేగం 35 శాతమే, వేడి మాత్రం 84 శాతం. చివరి ఆ కొంచెం వేగం కోసం మన ఎండలో అంత వేడి మోయడం దండగ. అందుకే నేను 4.2, మహా అయితే 4.3 దగ్గర ఆగమంటాను. 1.30 వోల్ట్‌లు దాటొద్దంటాను.

లోడ్-లైన్ కాలిబ్రేషన్ అనే సెట్టింగు ఒకటుంటుంది. పని పడ్డప్పుడు వోల్టేజ్ కొంచెం పడిపోతుంది, ఆ పడిపోవడాన్ని ఇది అదుపు చేస్తుంది. మధ్యస్థంగా పెట్టండి. జాగ్రత్త: కొన్ని బోర్డుల్లో పెద్ద అంకె బలమైనది, ఏఎస్‌రాక్ లాంటి వాటిలో లెవెల్ 1 బలమైనది. పెట్టాక ప్రైమ్95 నడుస్తుండగా సీపీయూ-జెడ్‌లో వోల్టేజ్ చూడండి. మీరు పెట్టినదానికంటే ఎక్కువ చూపిస్తే ఒక మెట్టు తగ్గించండి.

5. పెంచండి, పరీక్షించండి, మళ్లీ పెంచండి

సేవ్ చేసి విండోస్‌లోకి వెళ్లాక సీపీయూ-జెడ్‌లో 1600 మెగాహెర్ట్జ్ కనిపిస్తే ఓవర్‌క్లాక్ పోయిందనుకోవద్దు. పని లేనప్పుడు ఈ ప్రాసెసర్ 1600కు దిగుతుంది. ప్రైమ్95 మొదలుపెట్టగానే 4000 చూపించాలి.

స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీస్ 15 నిమిషాలు నడపండి. కంప్యూటర్ దగ్గరే కూర్చోండి. వేడి 85 దాటితే వెంటనే ఆపండి. ఏ ఇబ్బందీ లేకపోతే మల్టిప్లయర్ 41, తర్వాత 42. ఒకసారికి ఒకటే మార్చాలి. మల్టిప్లయర్, వోల్టేజ్, ర్యామ్ మూడూ ఒకేసారి మార్చేస్తే, ఆగిపోయినప్పుడు దేనివల్ల ఆగిందో ఎప్పటికీ తెలియదు. ప్రతి మార్పునూ నోట్‌బుక్‌లో రాయండి.

కుదరలేదని ఇలా తెలుస్తుంది: ప్రైమ్95లో ఒక వర్కర్ (ఒక కోర్ మీద నడిచే పరీక్ష) ‘ఫేటల్ ఎర్రర్’ అని ఆగిపోతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. నాలుగు వర్కర్ల విండోలూ చూడకపోతే ఇది కంటపడదు. లేదా ‘డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్’, ‘క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్’ అంటూ బ్లూ స్క్రీన్ వస్తుంది. ఈ రెండూ ఓవర్‌క్లాక్ చేసిన మెషీన్‌లో ఎక్కువగా వోల్టేజ్ చాలకపోవడం వల్లే. అప్పుడు 0.01 లేదా 0.02 వోల్ట్ పెంచి మళ్లీ పరీక్షించండి. 1.30 దగ్గరకు వచ్చినా ఆగిపోతుంటే మల్టిప్లయర్ ఒకటి తగ్గించండి. ఒకే మోడల్ ప్రాసెసర్లు రెండున్నా రెండూ ఒకేలా పెరగవు. పక్కింటి అబ్బాయిది 4.5కు వెళ్లిందని మీది వెళ్లాలని లేదు.

6. మే నెల లెక్క

ఇదే అన్నిటికంటే ముఖ్యం. ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేయండి. మిగిలింది మీ కూలర్ చేతగానితనం అనుకోండి. గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా కనీసం అంత వేడెక్కుతుంది.

ఉదాహరణకు డిసెంబరులో గది 24, ప్రైమ్95లో ప్రాసెసర్ 66 ఉందనుకోండి. తేడా 42. మే మధ్యాహ్నం గది 41 అయితే ప్రాసెసర్ 83కు వెళ్తుంది. మూడు నాలుగు డిగ్రీలు పైకే వేసుకోండి, ఎందుకంటే వేడెక్కిన చిప్ ఇంకొంచెం ఎక్కువ కరెంటు తాగుతుంది. ఈ ప్రాసెసర్ 98 దగ్గర తనంతట తాను వేగం తగ్గించుకొని కాపాడుకుంటుంది. అయితే అక్కడిదాకా పోనివ్వకూడదు. ప్రైమ్95లో మే లెక్కన 85 లోపు రావాలి. రెండరింగ్ లాంటి అసలు పనిలో దానికంటే తక్కువే ఉంటుంది.

అంటే మీరు చలికాలంలో చేస్తుంటే హద్దు 85 కాదు. గది 24 ఉంటే హద్దు 65 చుట్టుపక్కలే. దాటితే వోల్టేజ్, వేగం తగ్గించండి. రేకుల ఇంట్లో ఉండేవాళ్లు గదిని 44గా లెక్కేసుకోవాలి.

బోర్డులో ప్రొఫైల్ సేవ్ చేసే వీలుంటే రెండు పెట్టుకోండి: ‘ఎండకాలం’కు 4.0, మిగతా రోజులకు 4.2. మార్చి మొదట్లో ఒకసారి దుమ్ము దులిపి ఎండకాలం ప్రొఫైల్ ఎక్కిస్తే జూన్ వానలదాకా చూసుకోనక్కర్లేదు.

గదిలో ఎయిర్ కూలర్ ఉంటే మంచిదే, మన పొడి ఎండలో అది గదిని బాగానే చల్లబరుస్తుంది. కానీ దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టేలా పెట్టొద్దు. గాలితో నీటి తుంపరలు వస్తే బోర్డు మీద చేరతాయి. మన బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ, కూలర్ గడ్డిపై కట్టే తెల్లటి పొర చూస్తే మీకే తెలుస్తుంది. కూలర్ నుంచి నాలుగైదు అడుగుల దూరంలో, గాలి దారికి పక్కగా ఉంచండి. క్యాబినెట్ వెనక భాగం గోడకు ఆనించొద్దు, జానెడైనా ఖాళీ ఉండాలి.

7. పొడుగు పరీక్ష

15 నిమిషాలు నడిచింది కదా అని సంబరపడితే, మూడో రోజు రెండర్ 90 శాతం దగ్గర ఆగిపోతుంది. స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీస్ మూడు నాలుగు గంటలు, తర్వాత ‘బ్లెండ్’ ఒక రాత్రంతా నడపండి. బ్లెండ్‌లో ర్యామ్ కూడా పరీక్షకు వస్తుంది. కరెంటు కోతల సమయం చూసుకొని మొదలుపెట్టండి.

తర్వాత పాత ప్రాజెక్ట్ ఒకదాని కాపీ తీసుకొని నిజంగా రెండర్ చేసి, వచ్చిన వీడియోను మొదటి నుంచి చివరిదాకా చూడండి. ప్రైమ్95లో నిలబడ్డ సెట్టింగు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తేలిపోవడం ఉంటుంది.

చివరిగా ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో ‘సిస్టమ్’ చూడండి. ‘డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్’ పేరుతో 19వ నంబరు హెచ్చరికలు ఉంటే, తప్పు జరిగినా ప్రాసెసర్ తానే సరిదిద్దుకుందని అర్థం. బ్లూ స్క్రీన్ రాలేదు కదా అని వదిలేయకండి. ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే 0.01 వోల్ట్ పెంచండి లేదా మల్టిప్లయర్ ఒకటి తగ్గించండి.

మళ్లీ సినీబెంచ్ నడపండి. మూడో మెట్టుకు ముందు వచ్చిన స్కోరుతో పోల్చండి. 3.4 నుంచి 4.2కు వెళ్తే స్కోరు 20 శాతానికి పైగా పెరగాలి. పెరగకపోతే వేగం మధ్యలో పడిపోతోందన్నమాట. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో క్లాక్ ‘మినిమమ్’ చూడండి. వేడి వల్లో, బోర్డు పవర్ లిమిట్ వల్లో అది కిందికి దిగుతూ ఉంటుంది.

8. అన్నీ కుదిరాక

ఇప్పుడు ర్యామ్ ఎక్స్‌ఎంపీ ఆన్ చేసుకొని బ్లెండ్ మళ్లీ ఒక రాత్రి నడపండి. ఈ తరం ప్రాసెసర్లకు 1.65 వోల్ట్‌ల ర్యామ్ కిట్ వద్దు, 1.5వే వాడండి.

వోల్టేజ్‌ను మాన్యువల్ నుంచి ‘ఆఫ్‌సెట్’కు (ప్రాసెసర్ అడిగే వోల్టేజ్‌కు కొంత కలిపే లేదా తీసే పద్ధతి) మార్చుకుంటే పని లేనప్పుడు వోల్టేజ్ కూడా తగ్గుతుంది. కానీ ఆఫ్‌సెట్‌లో ఒక చిక్కుంది. పని చేస్తున్నప్పుడు బాగుండి, ఊరికే ఉన్నప్పుడు స్క్రీన్ బిగుసుకుపోతుంటే కింది వోల్టేజ్ మరీ తగ్గిపోయిందని అర్థం. ఆఫ్‌సెట్ కొంచెం పెంచండి. మొదటిసారి చేసేవాళ్లు మాన్యువల్‌లోనే వదిలేసినా నష్టం లేదు.

కరెంటు బిల్లు సంగతీ అడుగుతుంటారు. 40 వాట్లు ఎక్కువ తాగుతుందనుకుంటే, రోజుకు ఎనిమిది గంటల రెండరింగ్‌కు నెలకు పది యూనిట్ల లోపే.

కంప్యూటర్ ఆన్ కాకపోతే

కంగారు పడకండి. చాలా బోర్డులు రెండు మూడు సార్లు ఆగి ఆగి తామే డిఫాల్ట్‌కు వచ్చేస్తాయి. రాకపోతే ప్లగ్ తీసి, బోర్డు మీద సీఎల్‌ఆర్-సీమాస్ అని రాసిన జంపర్‌ను బోర్డుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టు మార్చండి. లేదంటే గుండ్రటి బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి. తర్వాత బయోస్‌లో సాటా మోడ్, తేదీ, సమయం మళ్లీ పెట్టాలి. తేదీ తప్పుంటే వెబ్‌సైట్‌లు తెరుచుకోవు, అది ఇంటర్నెట్ సమస్య కాదు.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సెట్టింగులు పోతున్నాయా? అది ఓవర్‌క్లాక్ తప్పు కాదు, ఆ బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులో కూడా దొరుకుతుంది. బ్యాటరీ బాగానే ఉన్నా, వోల్టేజ్ ఎగిరిపడే ఊళ్లలో ఆన్ అవుతుండగా కరెంటు పోతే ‘ఓవర్‌క్లాకింగ్ ఫెయిల్డ్’ అని చూపించొచ్చు. బయోస్‌లోకి వెళ్లి ప్రొఫైల్ మళ్లీ ఎక్కించండి. ఇది మాటిమాటికీ జరుగుతుంటే యూపీఎస్, ఎర్తింగ్ రెండూ చూపించుకోవాలి. క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతుంటే, ఎర్తింగ్ సరిచేయించేదాకా ఓవర్‌క్లాక్ మొదలే పెట్టొద్దు.

వేరే ప్రాసెసర్లు ఉన్నవాళ్లకు

ఐ5-3570కే: పద్ధతి ఇదే. కాకపోతే 2500కేలో చిప్‌కూ పైమూతకూ మధ్య సోల్డర్ ఉంటుంది, ఇందులో పేస్ట్ ఉంటుంది. అందుకే తక్కువ కరెంటు తాగినా వేడి ఎక్కువ చూపిస్తుంది. 4.2 దగ్గర, 1.2 వోల్ట్‌ల చుట్టుపక్కల ఆగండి.

ఐ5-4670కే: కొత్త ప్రైమ్95 ఏవీఎక్స్2 ఆదేశాలు వాడుతుంది, ఈ తరాన్ని అది విపరీతంగా వేడెక్కిస్తుంది. ప్రైమ్95లో ఏవీఎక్స్ ఆపేసి పరీక్షించండి. మల్టిప్లయర్ 42 చాలు. రింగ్ అనే సెట్టింగు జోలికి పోవద్దు.

ఎఫ్‌ఎక్స్-6300: బేస్ 200, మల్టిప్లయర్ 17.5తో 3.5 గిగాహెర్ట్జ్. 20 పెడితే 4.0. ఇక్కడ ముందు చూడాల్సింది బోర్డు. సాకెట్ పక్కన ఉండే వోల్టేజ్ చిప్‌ల మీద హీట్‌సింక్ లేని బోర్డయితే వద్దు, ప్రాసెసర్ కంటే ముందు అవి కాగిపోతాయి. వేడి 60 దాటనివ్వకండి. ఊరికే ఉన్నప్పుడు గది కంటే తక్కువ డిగ్రీలు చూపిస్తే పట్టించుకోవద్దు, ఆ సెన్సర్ కింది అంకెలు సరిగ్గా చెప్పదు. నిజం చెప్పాలంటే మన ఎండలకు ఎఫ్‌ఎక్స్-8350ను పెంచమని నేనెవరికీ చెప్పను. అది మామూలుగానే 125 వాట్ల ప్రాసెసర్.

రైజెన్ 5 1600: మల్టిప్లయర్ 37, 1.30 వోల్ట్‌లతో మొదలుపెట్టి 38దాకా చూడండి. 1.35 దాటొద్దు. 4.0 కోసం పాకులాడితే వేడి తప్ప మిగిలేది తక్కువ.

మెషీన్‌ను ఎవరికైనా అమ్మేటప్పుడు, ఇంట్లో చిన్నవాళ్లకు ఇచ్చేటప్పుడు బయోస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి ఇవ్వండి. నోట్‌బుక్‌లో రాసుకున్న చివరి సెట్టింగుల పేజీ ఫొటో తీసి వాళ్లకు పంపండి. మళ్లీ పెంచుకోవాలా వద్దా అనేది వాళ్ల గది వేడి చూసుకొని వాళ్లే నిర్ణయించుకుంటారు.